దొమ్మరోగము: దాని చరిత్రయు, దాని నెఱిగిన విధమును



సాయంకాలము మేత మేసి నెమ్మదిగా ఇల్లు చేరిన గొడ్డు తెల్లవారుసరికి కొట్టములో చచ్చిపడియుండుట పల్లెలలో పెరిగినవారికి వినని మాట కాదు. అట్టి గొడ్డు ముక్కునుండియు, నోటినుండియు, మలద్వారమునుండియు నల్లని నెత్తురు కారుచుండును. ఆ నెత్తురు గడ్డకట్టదు. కడుపు త్వరగా ఉబ్బును గాని కాళ్లు కొయ్యబారవు. గొఱ్ఱెల మందలో నైతే ఇది మరింత వేగముగా జరుగును. మేయుచు మేయుచునే గొఱ్ఱె తూలి, వణకి, పడి, కొన్ని నిమిషములలో ప్రాణము విడుచును. దీనినే మన పల్లెలలో దొమ్మ యందురు. పాశ్చాత్యులు దీనికి ఆంథ్రాక్స్ అని పేరిడిరి. గ్రీకు భాషలో ఆ మాటకు బొగ్గు అని అర్థము. మనుష్యుని చర్మమునకు ఈ రోగము సోకినపుడు నడుమ బొగ్గువలె నల్లనైన పుండు ఏర్పడుటచే ఆ పేరు కలిగినది.

ఈ రోగమునకు కారణము కంటికి కనబడని యొక కడ్డీరూప సూక్ష్మజీవి. దానిని మనుష్యుడు ఎట్లు కనుగొనెను, దాని జాతిని ఎట్లు గుర్తించెను, దానికి మందును టీకాను ఎట్లు సంపాదించెను అను విషయమును నేడు మనవి చేసెదను. ఇది పరదేశముల చరిత్రగా మొదలైనను మన మందల యొద్దకును, మన యిండ్ల పొయ్యిల యొద్దకును వచ్చి నిలుచునట్టి చరిత్ర. చచ్చిన గొఱ్ఱెను కోయవలెనా, మానవలెనా యని ఊరివారు పెద్దలవైపు చూచు సమయమున ఈ చరిత్ర యంతయు ఒక్క మాటగా తేలును.

పందొమ్మిదవ శతాబ్దపు నడిమి కాలమున ఐరోపాఖండములోని రైతులకు ఈ రోగము గొప్ప పీడగా నుండెను. ఫ్రాన్సు దేశమున బోస్ అను మైదాన ప్రాంతమున కొన్ని పొలములకు శపింపబడిన పొలములని పేరు. ఆ పొలములలో మేసిన గొఱ్ఱెలు చచ్చెడివి. కొన్నియేండ్లు బీడు విడిచి మరల మందను తోలినను చచ్చెడివి. విషవాయువనియు, చెడుమేత యనియు, దైవాగ్రహమనియు పలువురు పలు విధముల చెప్పుకొనిరి. 1850లో రేయే, దవేన్ అను ఫ్రెంచి వైద్యులు ఈ రోగముతో చచ్చిన గొఱ్ఱె నెత్తురును సూక్ష్మదర్శనితో చూచి, అందు కదలిక లేని సన్నని కడ్డీలు ఉన్నవని వ్రాసిరి. జర్మనీలో పోలెండర్ అను వైద్యుడు అంతకు కొలదిగా ముందే వానిని చూచి 1855లో ప్రకటించెను. చూచుట జరిగినది గాని ఆ కడ్డీలు రోగమునకు కారణమో, రోగము వలన పుట్టిన చెత్తయో ఎవ్వరును తేల్చలేకపోయిరి.

1863లో దవేన్ మరల ఈ విషయమునకు పూనుకొని, ఆ కడ్డీలున్న నెత్తురు మాత్రమే రోగమును అంటించునని వాదించెను. ఎదిరిపక్షమువారు రెండు గట్టి ప్రశ్నలు వేసిరి. కడ్డీలు కనబడని నెత్తురు సైతము ఒక్కొక్కప్పుడు రోగమును కలిగించుచున్నదే, అది యెట్లు? నెత్తురులోని కడ్డీలు కొలది దినములకే నశించుచుండగా, పొలములో రోగము ఏండ్ల తరబడి ఎట్లు నిలిచియుండును? ఈ ప్రశ్నలకు దవేన్ యొద్ద సమాధానము లేకపోయెను.

సమాధానము పెద్ద నగరమునుండి గాని, గొప్ప విద్యాపీఠమునుండి గాని రాలేదు. వోల్‌ష్టైన్ అను చిన్న పట్టణమున రాబర్ట్ కాఖ్ అను జిల్లా వైద్యుడుండెను. ఆ ఊరు నాడు జర్మనీ యేలుబడిలోని పోజెన్ ప్రాంతమున నుండెను, నేడు పోలెండు దేశమున నున్నది. ఆయన 1843లో జన్మించి, 1872లో ఆ యుద్యోగమున ప్రవేశించెను. పగలంతయు రోగులను చూచుట, తీరిక దొరికినపుడు ఇంటిలోనే యొక మూల సూక్ష్మదర్శని ముందు కూర్చుండుట ఆయనకు అలవాటు. చుట్టుప్రక్కల పల్లెలలో గొఱ్ఱెలు దొమ్మతో చచ్చుచుండుటచే పరీక్షకు కావలసిన నెత్తురునకు కొదువ లేకుండెను.

కాఖ్ సన్నని కఱ్ఱపేళ్లను రోగపు నెత్తురులో ముంచి, చుంచెలుకల తోకమొదట చర్మమును గాటుపెట్టి అందు చొప్పించెను. మరునాటికి ఎలుకలు చచ్చెను. వాని ప్లీహము ఉబ్బి, కడ్డీలతో నిండియుండెను. ఆ ఎలుకనుండి మరియొక ఎలుకకు, దానినుండి ఇంకొకదానికి వరుసగా ఎక్కించినను రోగము మారలేదు, కడ్డీలును మారలేదు. పిమ్మట ఎద్దు కంటిలోని నీటివంటి ద్రవమును తీసి, అందు కొంచెము రోగపు ప్లీహమును వేసి, వెచ్చగా నుంచి, గంటల తరబడి గమనించెను. కడ్డీలు పెరిగి పొడవైన దారములైనవి. ఆ దారములలో కొంతసేపటికి మెరయు చిన్న గింజలు వరుసగా కనబడెను. దారములు నశించినను గింజలు నశింపలేదు. వానిని ఎండబెట్టి దాచి, పిమ్మట తగిన ద్రవములో వేయగా మరల కడ్డీలు మొలిచెను. ఆ గింజలనే ఎలుకకు ఎక్కింపగా అదియు దొమ్మతో చచ్చెను.

ఆ గింజలను మన శాస్త్రగ్రంథములలో సిద్ధబీజములందురు. మొక్క ఎండి మాడినను విత్తనము మట్టిలో నిలిచి వానకు మొలచినట్లు, దొమ్మ కడ్డీ నశించినను దాని సిద్ధబీజము నేలలో నిలిచియుండును. కడ్డీలు కనబడని నెత్తురు రోగమును అంటించుటకును, శపింపబడిన పొలము ఏండ్లకు గూడ చంపుటకును ఇదియే కారణము. దవేన్‌ను నిలదీసిన రెండు ప్రశ్నలును దీనితో విడిపోయెను.

కాఖ్ మరియొక సంగతియు గమనించెను. సిద్ధబీజములు ఏర్పడుటకు గాలియు తగిన వెచ్చదనమును కావలెను. బ్రదికియున్న పశువు నెత్తురులో అవి ఏర్పడవు. కళేబరమును కోయక యుంచినచో, లోపల గాలి లేమిచేతను, కుళ్లుటచేతను కడ్డీలు చాలవరకు కొలది దినములలో నశించును. కోసి నెత్తురు నేలపై పారవిడిచినచో, గాలి తగిలిన ప్రతి బొట్టును సిద్ధబీజముల గాదె యగును. పెద్దలు ఈ యొక్క వాక్యమును గుర్తుంచుకొన్నచో ఈ ప్రసంగపు ప్రయోజనము చాలవరకు నెరవేరినట్లే.

1876 ఏప్రిల్ 30వ తేదీన కాఖ్ తన సామగ్రిని మూటకట్టుకొని బ్రెస్లా నగరమునకు పోయి, వృక్షశాస్త్రాచార్యుడగు ఫెర్డినాండ్ కోన్ ఎదుట తన ప్రయోగములను చేసి చూపెను. పల్లె వైద్యుడు చెప్పునది నిజమని కోన్ ఒప్పుకొని, ఆ యేడే తన పత్రికలో దానిని ప్రకటించెను. ఫలాని రోగమునకు ఫలాని సూక్ష్మజీవియే కారణమని మొదటినుండి తుదివరకు నిరూపింపబడుటకు ఈ దొమ్మరోగమే తొలి గొప్ప నిదర్శనముగా నిలిచినది.

ఇంతలో ఫ్రాన్సు దేశమున లూయీ పాశ్చర్ ఈ విషయమునకు పూనుకొనెను. 1877లో ఆయన దొమ్మ కడ్డీలను ద్రవములో పెంచి, అందొక బొట్టును క్రొత్త ద్రవములో వేసి, దానినుండి మరియొకదానిలో వేసి, మొదటి నెత్తురు లేశమైనను మిగులనంతవరకు సాగించెను. తుది బొట్టు సైతము పశువును చంపెను. కాబట్టి చంపునది నెత్తురులోని మరియే విషమును గాదు, పెరుగుచున్న ఆ జీవియే యని స్థిరపడెను. కోళ్లకు ఈ రోగము సామాన్యముగా రాదు. వాని దేహపు వేడి యెక్కువగుటయే కారణమేమో యని పాశ్చర్ తలచి, ఒక కోడిని చన్నీటిలో నిలిపి చల్లబరచి రోగము నెక్కింపగా అది చచ్చెను. పాతిపెట్టిన కళేబరముల మీది మట్టిని పరీక్షించి, వానపాములు లోపలి సిద్ధబీజములను పైకి తెచ్చుచున్నవని గూడ ఆయన చెప్పెను.

ఇక టీకా కథ. 1880లో టూలూజ్ నగరపు పశువైద్యాచార్యుడగు తూసాన్, రోగపు నెత్తురును వేడిచేసియు, కార్బాలిక్ ఆమ్లముతో కలిపియు గొఱ్ఱెలకు ఎక్కించి వానిని దొమ్మనుండి కాపాడవచ్చునని చూపెను. పాశ్చర్ వేరు మార్గమున, సూక్ష్మజీవిని 42, 43 డిగ్రీల వేడిలో గాలి తగులునట్లు పెంచి దాని వాడిని తగ్గింప యత్నించుచుండెను. రొసిన్యోల్ అను పశువైద్యుడు అందరి యెదుట పరీక్ష జరుపవలెనని కోరగా పాశ్చర్ అంగీకరించెను. మెలూన్ పట్టణ సమీపమున పుయీ-లె-ఫోర్ అను పల్లెలో ఆ పరీక్ష జరిగెను. 1881 మే 5వ తేదీన 24 గొఱ్ఱెలకును, ఒక మేకకును, 6 గొడ్లకును మొదటి టీకా వేసిరి. మే 17వ తేదీన రెండవ టీకా వేసిరి. మే 31వ తేదీన వీనికిని, టీకా వేయని మరి 24 గొఱ్ఱెలకును, ఒక మేకకును, 4 గొడ్లకును బలమైన దొమ్మను ఎక్కించిరి. జూన్ 2వ తేదీన రైతులు, పశువైద్యులు, పత్రికలవారు గుంపుగా చూడవచ్చిరి. టీకా వేసిన గొఱ్ఱెలన్నియు నిలిచియుండెను. టీకా వేయనివానిలో 21 గొఱ్ఱెలును, మేకయు అప్పటికే చచ్చియుండెను. తక్కిన మూడు గొఱ్ఱెలు ఆనాడే ప్రాణము విడిచెను. టీకా లేని గొడ్లు చావలేదు గాని వాపులతోను, జ్వరముతోను బాధపడెను.

ఈ విజయము దేశదేశములకు ప్రాకెను. పది పన్నెండేండ్లలో ఫ్రాన్సులోనే ముప్పది లక్షలకు మించి గొఱ్ఱెలకు టీకా వేసిరి. అయినను చరిత్ర చెప్పువాడు మెరుపును మాత్రమే చూపి చీకటిని దాచరాదు. పాశ్చర్ మరణించిన పెక్కేండ్లకు ఆయన ప్రయోగశాల చిట్టాపుస్తకములు పండితుల చేతికి వచ్చినవి. పుయీ-లె-ఫోర్‌లో వాడిన టీకా, ఆయన నమ్మించినట్లు గాలితోను వేడితోను తయారైనది కాదనియు, ఆయన శిష్యుడు షాంబర్లాన్ పొటాసియం డైక్రోమేటు అను రసాయనముతో సిద్ధపరచినదనియు అందుచే తేలెను. అది తూసాన్ మార్గమునకు దగ్గరైనది. తూసాన్‌కు రావలసిన కీర్తి పూర్తిగా రాకయే ఆయన 1890లో మరణించెను. గొఱ్ఱెలు బ్రదికిన మాట నిజము. ఎవరి యుపాయముచే బ్రదికెనో యను మాట పెక్కేండ్లకు గాని బయటపడలేదు. శాస్త్రమునకు సైతము ఊరి పంచాయతివలెనే నిజమైన లెక్క వ్రాతలో నుండుట యవసరమని దీనివలన తెలియుచున్నది.

ఇప్పుడు ఈ కడ్డీని గుర్తించు విధమును చెప్పవలెను. సూక్ష్మదర్శనిలో కడ్డీలవలె కనబడు సూక్ష్మజీవులు అనేకములు కలవు. అందు కొన్ని నిరపాయములు. అన్నియు నీరువలె నిర్వర్ణముగా నుండుటచే ఏది యేదో తెలియదు. 1884లో బెర్లిన్ నగరమున పనిచేయుచున్న హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ అను డెన్మార్కు వైద్యుడు ఒక యుపాయము కనుగొనెను. న్యుమోనియాతో మరణించినవారి ఊపిరితిత్తుల పొరలను ఊదారంగులో ముంచి, అయోడిను ద్రవముతో తడిపి, తరువాత ఆల్కహాలుతో కడిగెను. కడుగగా కొన్ని సూక్ష్మజీవులు రంగును విడిచెను, కొన్ని ఊదారంగుతోనే నిలిచెను. తన పద్ధతిలో లోపములున్నవని గ్రామ్ తానే వినయముతో వ్రాసెను. ఆ పద్ధతియే నేటికిని లోకములోని ప్రతి ప్రయోగశాలలోను మొదటి పరీక్షగా నిలిచియున్నది. రంగును నిలుపుకొనువానిని గ్రామ్ పాజిటివు అనియు, విడుచువానిని గ్రామ్ నెగటివు అనియు పిలిచెదరు.

దొమ్మ కడ్డీ రంగును నిలుపుకొను జాతి. ఆ జాతిలో దానికి చుట్టములు పెక్కు కలవు. ఇనుపమేకు గుచ్చుకొన్నపుడు వచ్చు ధనుర్వాతము కడ్డీ యున్నది. దూడల తొడలోను, జబ్బలోను చిటచిటమను వాపును పుట్టించు జబ్బవాపు కడ్డీ యున్నది. పిల్లల గొంతులో తెల్లని పొర గట్టి ఊపిరి బిగియజేయు కంఠసర్పి కడ్డీ యున్నది. మేకలకు, గొఱ్ఱెలకు మెదడువాపు కలిగించి గుండ్రముగా తిరుగునట్లు చేయు లిస్టీరియా కడ్డీ యున్నది. చర్మముమీదను, దుమ్ములోను నుండి ఎవ్వరికిని కీడు చేయని కడ్డీలును ఈ జాతిలోనే యున్నవి. కనుక ఊదారంగు కడ్డీ కనబడినంతనే దొమ్మ యని నిశ్చయింపరాదు. ఒకే రంగు తలపాగాలు చుట్టిన వారందరు ఒకే యింటివారు కారు గదా!

అందుచే పరీక్షకులు మరికొన్ని గుర్తులు వెదకుదురు. దొమ్మ కడ్డీలు చివరలు నరికినట్లు చదరముగా నుండి, వెదురు కణుపులవలె ఒకదాని నొకటి ఆనుకొని గొలుసులుగా నుండును. పశువు నెత్తురులో వాని చుట్టును ఒక జిగురు కవచముండును. 1903లో మక్‌ఫాడియన్ అను బ్రిటిషు పశువైద్యుడు మిథిలిన్ బ్లూ అను నీలిరంగు వేసినచో కడ్డీలు నీలముగాను, వాని చుట్టునున్న కవచము గులాబిరంగుగాను కనబడునని చూపెను. దొమ్మ కడ్డీ కదలదు, దాని చుట్టములలో పెక్కు కదలును. స్వల్పముగా పెనిసిలిన్ చేర్చిన ఆహారముపై పెంచినచో దొమ్మ కడ్డీలు గుండ్రముగా ఉబ్బి ముత్యాలపేరువలె కనబడును. 1911లో ఇటలీదేశపు ఆస్కోలీ కనుగొన్న పరీక్షచే, ఎండిన తోలునుండి గూడ దొమ్మ జాడను పట్టవచ్చును. ఇవన్నియు పరీక్షకుని పనులు. ఊరివారి పని యొక్కటే: కళేబరమును కోయకుండ పశువైద్యునకు వెంటనే కబురంపుట. ఆయన చెవి నరమునుండి ఒక్క నెత్తురుబొట్టు తీసి అద్దముపలక మీద పూసినచో చాలును. ఆలస్యమైనకొలదియు కుళ్లు కడ్డీలు వచ్చి చేరి గుర్తు చెడగొట్టును.

ఈ రోగము పశువుతో ఆగునది కాదు. ఇంగ్లాండులో బ్రాడ్‌ఫర్డ్ పట్టణమున ఉన్ని మిల్లులుండెను. పరదేశములనుండి వచ్చిన మేకవెండ్రుకల మూటలను విప్పి ఏరు కూలీలు హఠాత్తుగా ఊపిరాడక రెండు మూడు దినములలో మరణించుచుండిరి. 1880 ప్రాంతమున జాన్ హెన్రీ బెల్ అను వైద్యుడు ఇది దొమ్మయే యని చూపెను. సిద్ధబీజములు దుమ్ముతో కూడ ఊపిరితిత్తులలోనికి పోవుచుండెను. 1905లో ఆ పట్టణమున పరిశోధన సంఘమేర్పడగా యూరిక్ అను సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుడు వేలకొలది ఉన్ని నమూనాలను పరీక్షించి, నెత్తురంటిన ఉన్నియే ప్రమాదకరమని తేల్చెను. 1919లో ఇంగ్లాండున దొమ్మ నివారణ చట్టము వచ్చెను. ఆ యేడే పుట్టిన అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొదటి సమావేశముననే ఉన్ని శుద్ధిని గూర్చి దేశములకు సిఫారసు చేసెను. మన దేశమునుండి పోవు మేకవెండ్రుకలును లివర్‌పూల్ రేవున శుద్ధియైన పిమ్మటనే మిల్లులకు చేరునట్లు ఏర్పాటయ్యెను. ఎక్కడో యొక కాపరి చచ్చిన మేకను ఒలిచినందుకు సముద్రముల కావల కూలివాడు ప్రాణము గోల్పోయినాడన్న మాట!

మందుల చరిత్ర ఇట్లున్నది. 1895లో ఇటలీదేశమున స్క్లావో అను వైద్యుడు, దొమ్మ నెక్కించి తట్టుకొన్న పశువుల నెత్తురునుండి సీరము తీసి రోగులకిచ్చెను. అటుతరువాత 1928లో ఫ్లెమింగ్ కనుగొన్న పెనిసిలిన్ 1940 తరువాత మందుగా తయారై, 1944 నాటికి దొమ్మపుండ్లను మాన్పినదని వైద్యులు ప్రకటించిరి. ఇచ్చట గ్రామ్ రంగుకును, ఈ మందుకును గల సంబంధము చూడదగినది. రంగును నిలుపుకొను సూక్ష్మజీవికి వెలుపల దట్టమైన గోడ కలదు. ఆ గోడ కట్టుటను పెనిసిలిన్ చెడగొట్టును. రంగును విడుచు జాతికి గోడ పలుచన, దానిపై మరియొక పొర కప్పియుండుటచే ఆ మందు లోనికి చేరుట కష్టము. కాబట్టి రంగుచూచుట వట్టి పేరుపెట్టుట కాదు, మందును ఎన్నుకొనుటకు మొదటి మెట్టు.

అయినను మందునకు ఒక హద్దు కలదు. దొమ్మ కడ్డీ విషమును చిమ్మునని 1954లో ఇంగ్లాండు శాస్త్రజ్ఞులు స్మిత్, కెప్పీ నిరూపించిరి. మందు కడ్డీని చంపును గాని, అప్పటికే నెత్తురులో కలసిన విషమును విరువదు. ధనుర్వాతమునందును, కంఠసర్పియందును ఇదియే న్యాయము. 1890లో బేరింగ్, కిటసాటో అనువారు ఆ రెండు రోగములకు విషమును విరుచు సీరమును కనుగొన్నది అందుకే. కనుక ఈ జాతి రోగములలో మొదటి దినమున వైద్యుని చేరినవానికిని, నాలుగవ దినమున చేరినవానికిని భాగ్యము వేరు. చర్మమునకు సోకిన దొమ్మకు వైద్యము లేనిచో నూటికి పదిమందినుండి ఇరువదిమంది వరకు మరణింతురు. వైద్యము సకాలమున జరిగినచో నూటికొక్కడైనను మరణించుట అరుదు. నేడు పెనిసిలిన్ గాక డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్ససిన్ అను మందులును కలవు. ప్రేగులకు, ఊపిరితిత్తులకు సోకినది మాత్రము మిక్కిలి భయంకరము.

చర్మపు దొమ్మను గుర్తించుట కష్టము కాదు. చేతిమీదనో, మెడమీదనో, ముఖముమీదనో దురదతో చిన్న పొక్కు లేచును. అది నీటిపొక్కై, కొలది దినములలో నడుమ నల్లబడును. చుట్టును వాపు ఎక్కువగా నుండును గాని పుండు నొప్పి పెట్టదు. నొప్పి లేనందున ఉపేక్షించుటయే ప్రమాదము. దానిని కోయరాదు, పిండరాదు. ఇటీవల చచ్చిన పశువును ముట్టితినని వైద్యునితో చెప్పవలెను. ఆ యొక్క మాట వైద్యునికి సగము దారి చూపును. ఒక మనుష్యునినుండి మరియొకనికి ఇది అంటుట మిక్కిలి అరుదు గనుక రోగిని వెలివేయ నక్కరలేదు.

పశువుల టీకాను స్థిరముగా నిలిపినవాడు మాక్స్ స్టెర్న్. పాశ్చర్ కాలపు టీకా ఒక్కొక్కప్పుడు బలహీనమై కాపాడలేకపోవుటయు, ఒక్కొక్కప్పుడు బలమెక్కువై చంపుటయు కలదు. దక్షిణాఫ్రికాలో ఒండర్‌స్టెపోర్ట్ పశువైద్య సంస్థలో స్టెర్న్ 1937 ప్రాంతమున, జిగురు కవచమును పోగొట్టుకొన్న దొమ్మ కడ్డీని వేరుచేసెను. కవచము లేని శత్రువు పశువును చంపజాలదు, కాని పశువు దేహమునకు శత్రువు ఆనవాలును నేర్పును. నేటికిని లోకమునను, మన దేశమునను పశువులకు వేయు దొమ్మ టీకా ఈ వంగడమునుండి వచ్చినదే. మన దేశమున పశురోగ పరిశోధనాలయము 1889లో పూనానగరమున మొదలై, 1893లో కుమావూను కొండలలోని ముక్తేశ్వరమునకు మారెను. 1932లో నాటి చెన్నపురి రాజధానిలోని రాణీపేటలో సీరముల సంస్థ స్థాపితమయ్యెను. ఈ టీకా ప్రాణమున్న సిద్ధబీజములతో చేసినది గనుక, టీకా వేయు దినములలో పశువునకు పెనిసిలిన్ వంటి మందు ఇచ్చినచో టీకా వ్యర్థమగును. బలము పట్టుటకు వారము పది దినములు కావలెను. రోగము కనబడు ప్రాంతములలో ఏటేట వేయింపవలెను.

సిద్ధబీజము ఎంతకాలము నిలుచునో యెరుగుటకు రెండు దృష్టాంతములు చాలును. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1942లో, బ్రిటిషువారు స్కాట్లండు తీరమునగల గ్రూయినార్డ్ అను చిన్న ద్వీపమున దొమ్మను ఆయుధముగా వాడవచ్చునేమో యని గొఱ్ఱెలపై పరీక్షించిరి. ఆ ద్వీపమున మనుష్యుడు అడుగిడరాదని నిషేధింపవలసివచ్చెను. 1986లో సముద్రపు నీటిలో ఫార్మాల్డిహైడు కలిపి నేలనంతయు తడిపి, 1990లో గాని అది నిరపాయమని ప్రకటింపలేదు. అనగా నలువది యెనిమిదేండ్లు. 2016లో సైబీరియాలోని యమాల్ ప్రాంతమున ఎండలు మిక్కుటమై గడ్డకట్టిన నేల కరగగా, పూర్వము చచ్చిన జింకజాతి పశువుల సిద్ధబీజములు బయటపడి రెండువేలకు మించిన రెయిన్డీరులను చంపెనని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. పండ్రెండేండ్ల బాలుడొకడును మరణించెను.

మన ప్రాంతములు దీనికి వెలియైనవి కావు. చిత్తూరు వైపునను, విశాఖ మన్యమునను, దాని నానుకొనియున్న కొరాపుట్ సీమలోను ఈ రోగము పలుమార్లు కనబడినది. 2021లో వరంగల్లు జిల్లాలో గొఱ్ఱెలు దీనిచే చచ్చెను. మన్యములో రోగము పుట్టిన చోట్ల పెక్కింట కారణమొక్కటే. చచ్చిన మేకనో, గొఱ్ఱెనో కోసి ఊరివారు పంచుకొనుట. దీనిని అజ్ఞానమని తేలికగా నిందింపరాదు. మందయే ఆస్తియైన కాపరికి చచ్చిన గొఱ్ఱె మాంసమైనను, తోలైనను కొంత రాబడి. ఇంటిలో పిల్లలకు మాంసము అరుదైన దినములలో దానిని పాతిపెట్టుమనుట ఎంత కఠినమో చెప్పువాడు తెలిసికొనవలెను. వండినచో దోషముండదని కొందరందురు. మరగిన నీటిలో కడ్డీలు చచ్చును గాని సిద్ధబీజములు సులభముగా చావవు. మరియు కోయువాని చేతికి, ఒలుచువాని గోటికి, కడుగు స్త్రీ వ్రేలికి రోగము సోకునది వండుటకు ముందే.

కావున పెద్దలు చేయవలసినది రెండు విధములు. మొదటిది నిషేధము: హఠాత్తుగా చచ్చిన పశువును కోయనీయకుండుట, తోలు తీయనీయకుండుట, ఏటిలోను చెరువులోను వేయనీయకుండుట. చేతులకు తొడుగు లేక దానిని ముట్టరాదు. దొర్లించి ఈడ్చినచో నెత్తురు దారిపొడవున పడును గనుక చచ్చినచోటనే కాల్చుట ఉత్తమము. అది కుదరనిచో నీటికి దూరముగా, ఆరడుగులకు తక్కువ గాకుండ గొయ్యి తీసి, నెత్తురంటిన మట్టితోను, గడ్డితోను గూడ పాతిపెట్టి, ముండ్లకంచె వేసి, ఆ చోట మందను మేపరాదు. ఎక్కడ పాతినదియు గ్రామపు లెక్కలో వ్రాయించుట మంచిది. తాత పాతినచోటు మనుమనికి తెలియకపోవుటచేతనే రోగము తిరిగి వచ్చును.

రెండవది ఆదరణ: నష్టపోయిన కాపరిని ఒంటరిగా విడువకుండుట. పశువైద్యునిచే ధ్రువపత్రము వ్రాయించి, భీమా యున్నచో దానిని, ప్రభుత్వసహాయ మున్నచో దానిని ఇప్పించుట. మిగిలిన మందకు టీకా వేయించుట. నష్టమును ఊరు కొంత పంచుకొన్నచో కాపరి చావును దాచడు. దాచనిచో రోగము ప్రాకదు. మాంసమును పంచుకొనుట కంటె నష్టమును పంచుకొనుట మేలు.

ఒక పల్లె వైద్యుడు ఎద్దు కంటినీటిలో చూచిన చిన్న మెరుపుగింజ నూటయేబదేండ్లుగా మనకు చెప్పుచున్నది ఇదియే. నేల మరువదు, కాబట్టి మనుష్యుడును మరువరాదు. పెద్దలు ఈ నాలుగు మాటలను తమ ఊరి రచ్చబండ యొద్ద ఒక్కసారి చెప్పినను, ఒక యింటి పొయ్యి మీదికి ఎక్కబోవు కీడు దారిలోనే ఆగవచ్చును.